పరిశోధన అనే ఒక్క మాట, వేర్వేరు రుజువులు: వీటిని ఒకే తూకంతో తూచవచ్చా?

కూర్పరి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. వివిధ శాఖల పరిశోధకులు తమ పనిని గురించి సామాన్య పాఠకుల కోసం రాసిన వ్యాసాలను ఒక సంకలనంగా కూర్చే బాధ్యత నా మీద పడింది. నలభైకి పైగా వ్యాసాలు చేరాయి. ఒకరు ఒక పాత కావ్యంలోని ఒకే ఒక్క పద్యం అసలు కవిదా, తరవాత ఎవరో చేర్చినదా అన్నది తేల్చడానికి ఆరేళ్ళు వెచ్చించారు. ఇంకొకరు రక్తపోటు మందు ఒకదానిని రెండు జట్ల రోగుల మీద పోల్చి చూసిన పరీక్షలో గణాంకాల భాగం చూసుకున్నారు. మరొకరు వందలాది మంది కలిసి నడిపే ఒక భౌతికశాస్త్ర ప్రయోగంలో, పరికరంలో పుట్టే రొదను తగ్గించే పనిలో ఉన్నారు. ముగ్గురూ తాము చేసినది పరిశోధన అనే అంటున్నారు. ముగ్గురి మాటా నిజమేనని నాకు తోస్తోంది, కానీ ఆ నిజం ఏమిటో ముందుమాటలో రాయబోతే కలం సాగడం లేదు.

ఒక శాఖవారి వ్యాసాలను మరొక శాఖవారికి ఇచ్చి చదివించడంతో చిక్కు మొదలైంది. వైద్యరంగానికి చెందిన మిత్రుడు పద్యం మీది వ్యాసం అంచున "ఎన్ని నమూనాలు చూశారు? పోలిక జట్టు ఏది?" అని రాశారు. సాహిత్య పరిశోధకురాలు ఒకరు మందు పరీక్ష వ్యాసం మీద "ఇందులో లెక్క ఉంది, ఆలోచన ఎక్కడుంది?" అని రాశారు. ఇద్దరూ బాగా చదువుకున్నవారు, ఇద్దరూ మనస్ఫూర్తిగా అడిగినవారు. మన భాషలో వ్యాకరణమూ శాస్త్రమే, భౌతికమూ శాస్త్రమే, వైద్యమూ శాస్త్రమే. ఆ మాట చూపించే బంధుత్వం పనిలో కూడా ఉందా, పేరులో మాత్రమే ఉందా అన్నది నా మొదటి సందేహం. తన శాఖ కాని పనిని చదివే మనిషి, అది గట్టి పనో కాదో దేనిని పట్టుకుని చెప్పగలడు అన్నది రెండవది. అనుభవం ఉన్నవారు కాస్త విడమరచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాఠాంతరం

కూర్పరి గారూ, నేను పాత ప్రతులను పోల్చి పాఠం నిర్ణయించే పని చేస్తాను కాబట్టి మీ వైద్య మిత్రుని ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను. అది ఆయన అనుకున్నంత పరాయి ప్రశ్న కాదు.

తాటాకు మీద రాసేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. ‘ప’కీ ‘వ’కీ మధ్య తేడా గంటపు మొన కొద్దిగా కదిలినంత మాత్రమే. ఒక పంక్తిలో ఉన్న మాటే రెండు పంక్తుల కింద మళ్ళీ వస్తే, వ్రాయసకాని చూపు మొదటిదాని మీది నుంచి రెండవదాని మీదికి జారి, నడుమ ఉన్నదంతా ఎగిరిపోతుంది. ఇలాంటి జారుపాట్లే మాకు ఆధారాలు. రెండు ప్రతులు ఒక చోట ఒకే సరైన పాఠం చూపితే దానివల్ల మాకు తెలిసేది తక్కువ, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరుగా సరిగ్గా రాసి ఉండవచ్చు. రెండూ ఒకే చోట ఒకే తప్పు చేస్తే మాత్రం, ఆ తప్పు అనుకోకుండా రెండుసార్లు పుట్టేది కాకపోతే, రెండూ ఒక తల్లి ప్రతికి పుట్టినవని చెప్పగలం. అప్పుడు ఒకే తల్లికి పుట్టిన పది ప్రతులు దొరికినా అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే సాక్ష్యం. "ఎన్ని నమూనాలు" అని అడిగిన మిత్రునికి మా జవాబు ఇదే: ప్రతులను లెక్కపెట్టం, ఒకదానిని చూసి ఒకటి రాయని ప్రతులు ఎన్ని అన్నది లెక్కపెడతాం.

దీనికి పెద్ద ఉదాహరణ పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన సంస్కృత మహాభారత సంశోధిత ప్రతి. 1,259 ప్రతులను పరిశీలించారు. ప్రధాన సంపాదకుడు విష్ణు సుఖఠంకర్ 1943లో మరణించేనాటికి పని సగంలో ఉంది, తరవాతివారు అదే పద్ధతిని పట్టుకుని సాగించారు. ఆయన ఎక్కువ విలువ ఇచ్చిన సూత్రాలలో ఒకటి చాలా సరళమైనది. కాశ్మీరపు శారదా లిపి ప్రతులూ, దక్షిణాన మలయాళ లిపి ప్రతులూ దేశానికి రెండు కొసల్లో ఉన్నవి. ఒకదాని నుంచి ఒకటి అరువు తెచ్చుకునే అవకాశం తక్కువ. ఆ రెండూ కలిసి చూపే పాఠానికి బలం ఎక్కువ. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథ మనందరి మనసుల్లో నాటుకున్నది. ఈ విచారణలో అది మూలపాఠంలో నిలవక అనుబంధంలోకి వెళ్ళింది. ఎంత ఇష్టమైన కథ అయినా సాక్ష్యం లేకపోతే పక్కన పెట్టవలసిందే. ఈ ఒక్క క్రమశిక్షణ దగ్గర మేమూ, వైద్యులూ, భౌతికశాస్త్రవేత్తలూ ఒకే ఇంటివాళ్ళం అని నా నమ్మకం.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. జీవశాస్త్రజ్ఞులు ఏ జీవి ఏ జీవికి దగ్గర బంధువు అని వంశవృక్షం గీసేటప్పుడు వాడే తర్కం మా తర్కానికి కవల సోదరి: తరవాత పుట్టుకొచ్చిన మార్పు రెండింటిలోనూ కనిపిస్తేనే దగ్గరి చుట్టరికం. అందుకే 1998లో జీవరసాయన శాస్త్రజ్ఞులూ సాహిత్య పరిశోధకులూ కలిసి, పాతకాలపు ఆంగ్ల కవి ఛాసర్ రాసిన కాంటర్‌బరీ కథలలోని ఒక భాగానికి దొరికిన 58 చేతిరాత ప్రతులకు, డీఎన్ఏ వరుసల కోసం తయారైన ప్రోగ్రాములతోనే వంశవృక్షం గీసి నేచర్ పత్రికలో ప్రచురించారు. ఆ వ్యాసం చదివిన రోజు నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. వాళ్ళ పెరడూ మా పెరడూ ఒకటేనని అంత స్పష్టంగా అంతకుముందు నాకు తెలియదు.

నాడి

నేను వైద్యంలో గణాంకాల పక్షాన పనిచేస్తాను. పాఠాంతరం గారు చెప్పినది చదివిన తరవాత నాకు తోచిన మాట ఇది: ఒక్కొక్క శాఖలో పద్ధతి వేరుగా ఉండడానికి కారణం, ఆ శాఖలో తప్పు వచ్చే దారి వేరుగా ఉండడం. పాఠపరిష్కర్తకు భయం వ్రాయసకాని కన్ను. మాకు భయం ఆశ. రోగి బాగుపడాలని రోగి కోరుకుంటాడు, చుట్టాలు కోరుకుంటారు, అందరికంటే గట్టిగా మందు రాసిన వైద్యుడు కోరుకుంటాడు. ఇంతమంది కోరిక మధ్య నిజం నిలబడడం కష్టం.

"ఆలోచన ఎక్కడుంది" అని అడిగిన సాహిత్య పరిశోధకురాలికి ఒక సంగతి వివరంగా చెప్పాలనుంది. గుండెపోటు నుంచి తేరుకున్నవారిలో కొందరికి గుండె నడుమనడుమ లయ తప్పి అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివారు హఠాత్తుగా మరణించే ప్రమాదం ఎక్కువని గమనించారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ అదనపు స్పందనలను అణచివేస్తాయి. స్పందనలు తగ్గితే మరణాలూ తగ్గుతాయన్నది ఎవరికైనా సహజంగా తట్టే ఆలోచన. వైద్యులు ఆ మందులను వాడుతూనే ఉన్నారు. 1980ల చివర అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో, మందు వల్ల స్పందనలు నిజంగా తగ్గాయని ముందే తేలిన రోగులనే ఎంచుకుని, వారిని చీటీ తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. సగటున పది నెలలు గడిచేసరికి మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. 1989లోనే ఆ రెండు మందులనూ పరీక్ష నుంచి ఆపేశారు.

ఈ అంకెలను ఒకసారి నెమ్మదిగా చదవండి. మందు తాను చేస్తానన్న పని చేసింది, గుండె లయను సరిచేసింది. రోగి మాత్రం బ్రతకలేదు. తన ఎదుట కూర్చున్న ఒక్కొక్క రోగినే చూసే వైద్యునికి ఇది ఎన్నటికీ కనబడేది కాదు, ఎందుకంటే ఆయన కళ్ళకు కనిపించేది మెరుగుపడ్డ గుండె రేఖాచిత్రం. ఆ తరవాత రోగి మరణిస్తే అది జబ్బు వల్ల అనే అనుకుంటాడు. ఉత్తి మాత్ర తీసుకున్న జట్టు పక్కన ఉంటే తప్ప నిజం బయటపడదు. మా ఆలోచన అంతా లెక్కకు ముందే జరిగిపోతుంది: ఎవరిని పోల్చాలి, ఏ ఫలితాన్ని కొలవాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి తేల్చుకోవడంలో. చివర మిగిలే కూడికలూ తీసివేతలూ నిజంగానే చప్పగా ఉంటాయి, అలా ఉండాలి కూడా.

ఈ పద్ధతికి పాదు 1948లో బ్రిటన్‌లో ప్రచురితమైన స్ట్రెప్టోమైసిన్ పరీక్ష. 107 మంది క్షయరోగులు. ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నుంచి తీసి, అంటించిన కవర్లలో పెట్టించారు. రోగిని పరీక్షలో చేర్చుకోవాలా వద్దా అని నిర్ణయించేవారికి ఆ కవరులో ఏముందో తెలియదు. మందు అప్పట్లో అందరికీ సరిపడా లేదు కాబట్టి కొందరికి ఇవ్వకపోవడం అన్యాయం కాలేదు. ఎక్స్‌రేలు చదివిన నిపుణులకు కూడా ఏది ఏ జట్టువారిదో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది మరణించారు.

అయితే వైద్యమంతా ఇదేననుకుంటే పొరపాటు. 1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల వారపత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది: లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు, అంతవరకూ ఆరోగ్యంగా ఉన్నవారికి, అరుదైన న్యుమోనియా వచ్చింది; అప్పటికే ఇద్దరు మరణించారు. పోలిక జట్టు లేదు, లెక్క లేదు, ఐదు కథలు మాత్రమే ఉన్నాయి. ఎయిడ్స్ గురించి లోకానికి తెలిసిన మొదటి మాట అదే. అక్కడ కావలసినది, "ఇది ఇలా ఉండకూడదే" అని గుర్తుపట్టగల కన్ను. ఆ కన్ను పాఠాంతరం గారి కన్ను లాంటిదే.

కూర్పరి

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. "తప్పు వచ్చే దారి వేరు కాబట్టి పద్ధతి వేరు" అన్న మాట నాకు చేతికి దొరికిన దారపు కొసలా ఉంది. భౌతికశాస్త్రంలో ఆ దారి ఎక్కడుందో ఎవరైనా చెబుతారా? అక్కడ వ్రాయసకాడు లేడు, ఆశపడే రోగీ లేడు. సంఖ్యలు తమంతట తామే మాట్లాడతాయని బయటివాళ్ళం అనుకుంటాం.

తరంగం

కూర్పరి గారూ, రొద తగ్గించే పని మీద మీకు వ్యాసం పంపినవారి తరఫున కూడా మాట్లాడుతున్నాననుకోండి. ఆశపడే రోగి మా దగ్గర లేడు గానీ ఆశపడే పరిశోధకులు వందల్లో ఉన్నారు.

2011 సెప్టెంబరులో ఒపెరా అనే ప్రయోగ బృందం, జెనీవా దగ్గరి సెర్న్ అనే కణభౌతిక ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాల దాకా సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు, కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లవ వంతు ఒక నానోసెకను) ముందుగా చేరినట్టు కనిపిస్తోందని ప్రకటించింది. ఇది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కాదని గణాంకాలు గట్టిగా చెప్పాయి. మేము ఆవిష్కరణ అనడానికి పెట్టుకున్న ఐదు సిగ్మాల గీటును కూడా అది దాటింది. ఏమీ లేనిచోట ఉత్త యాదృచ్ఛికం వల్ల అలాంటి ఫలితం కనిపించే అవకాశం 35 లక్షలలో ఒకటి అన్నది ఆ గీటు అర్థం. అయినా తాము వెతికినంత వెతికామని, తప్పు ఎక్కడుందో మీరూ వెతకండని ఆ బృందమే లోకాన్ని అడిగింది. కొన్ని నెలల తరవాత, సరిగ్గా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్, కాలం కొలిచే పరికరంలోని మరొక లోపం బయటపడ్డాయి. అదే ప్రయోగశాలలో ఉన్న ఐకారస్ అనే వేరొక బృందం కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగంతోనే వచ్చాయి. గణాంకం యాదృచ్ఛికం నుంచి కాపాడుతుంది; వదులుగా ఉన్న కేబుల్ నుంచి కాపాడదు. వేరే చేతులతో, వేరే పరికరంతో మళ్ళీ కొలవడం మాకు ప్రాణం కావడానికి కారణం అదే. పాఠాంతరం గారు కాశ్మీరపు ప్రతినీ మలయాళ ప్రతినీ పక్కపక్కన పెట్టడం కూడా ఇదే పని కదా.

నాడి గారు కవర్ల సంగతి చెప్పారు. మా దగ్గర కూడా ఒక కవరు కథ ఉంది. విశ్వంలోని భారీ ఘటనల వల్ల పుట్టి స్థలాన్నే సాగదీసి కుదించే అలలైన గురుత్వ తరంగాలను వెతికే లైగో బృందానికి, నిజమైన సంకేతం వస్తే తాము గుర్తుపట్టగలమా, లేనిదానిని ఉందని భ్రమపడతామా అన్న శంక ఉండేది. అందుకని కొద్దిమందికి మాత్రమే తెలిసేలా, పరికరంలోకి దొంగ సంకేతాన్ని ఎక్కించే ఏర్పాటు చేసుకున్నారు. 2010 సెప్టెంబరులో ఒక బలమైన సంకేతం కనిపించింది. బృందంలోని వందలాది మంది నెలల తరబడి విశ్లేషించి, ప్రచురణకు వ్యాసం కూడా సిద్ధం చేశారు. 2011 మార్చిలో, ‘కవరు విప్పడం’ అని వారు పిలుచుకున్న సమావేశంలో, అది తాము ఎక్కించుకున్న దొంగ సంకేతమేనని తెలిసింది. వ్యాసం పక్కకు పోయింది. దానిని నేను వృథా శ్రమ అనను. 2015 సెప్టెంబరు 14న, పరికరానికి ఉన్న నాలుగు కిలోమీటర్ల పొడవైన భుజంలో ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు స్థాయి కదలికగా నిజమైన తరంగం వచ్చినప్పుడు, ముందుగా అడిగిన ప్రశ్నలలో ఒకటి "ఇది మనం ఎక్కించినదా?" అన్నది. కాదని నిర్ధారించుకుని, నెలల పాటు సరిచూసుకుని, 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. లైగోకు ఉన్న రెండు పరిశీలనకేంద్రాలూ ఒకదానికొకటి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, సంకేతం వాటిని సుమారు ఏడు మిల్లీసెకన్ల తేడాతో తాకింది. ఒక్క కేంద్రమే ఉండి ఉంటే నమ్మకం ఇంతగా కుదిరేది కాదు. మీకు వ్యాసం పంపినవారు తగ్గించే రొద విలువ ఇక్కడ తెలుస్తుంది.

పరీక్షనాళిక

జీవశాస్త్రం నుంచి ఒక చిన్న సవరణ. ప్రకృతి శాస్త్రం అంటే మళ్ళీ మళ్ళీ చేసి చూడగలిగేది, మానవీయ శాస్త్రం అంటే ఒక్కసారే జరిగినదానిని గురించి మాట్లాడేది అని చాలామంది గీత గీస్తారు. ఆ గీత మా శాఖ మధ్య నుంచి పోతుంది. గలపాగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు ఫించ్ పిట్టల ముక్కులను కొలిచారు. 1977లో కరవు వచ్చి ఒక జాతి పిట్టల్లో దాదాపు 85 శాతం చనిపోయాయి. మిగిలినవాటిలో, గట్టి గింజలు పగలగొట్టగల లావు ముక్కులవే ఎక్కువ. ఆ కరవును ఎవరూ తిరిగి రప్పించలేరు. వారి పని సగం కొలత, సగం చరిత్ర.

దీనికి ఎదురుగా రిచర్డ్ లెన్‌స్కీ ప్రయోగం చూడండి. 1988 ఫిబ్రవరిలో ఒకే రకం ఈ. కోలి బాక్టీరియాను 12 ఫ్లాస్కుల్లో పెట్టి, రోజూ నూరో వంతు తీసి కొత్త ద్రవంలోకి మారుస్తూ వచ్చారు. ప్రతి 500 తరాలకు ఒకసారి నమూనాను గడ్డకట్టించి దాచారు. 31,000 తరాలు దాటాక, పన్నెండింటిలో ఒక్క ఫ్లాస్కులో మాత్రం బాక్టీరియా ఆ ద్రవంలోని సిట్రేటు అనే రసాయనాన్ని తినడం నేర్చుకుంది. ఆక్సిజన్ ఉన్నచోట ఈ. కోలి మామూలుగా చేయలేని పని అది. అప్పుడు వారు దాచిన పాత తరాలను కరిగించి, అక్కడి నుంచి చరిత్రను మళ్ళీ నడిపించారు. సుమారు 20,000వ తరం తరవాతి నమూనాల నుంచి మాత్రమే ఆ గుణం తిరిగి పుట్టింది. అంతకు ముందువాటి నుంచి పుట్టలేదు. అంటే తొలి మార్పు ఏదో ముందే జరిగి ఉంది. "అది అలా జరగకపోతే ఇది ఇలా జరిగేదా" అని చరిత్రకారులు ఊహలో మాత్రమే అడగగలిగే ప్రశ్నను ఇక్కడ సీసాలో అడిగారు. శాఖల పేర్లను బట్టి పద్ధతిని ఊహించవద్దని నా మనవి.

నిన్నటి కాగితం

నేను చరిత్ర చదివినదానిని. పైవారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం చెప్పాలి. తప్పు నుంచి కాపాడుకోవడం అన్న ఒక్క కోణం నుంచి చూస్తే మా పనిలో సగమే కనిపిస్తుంది. 1789 ఫ్రెంచి విప్లవానికి సంబంధించిన కాగితాలు చాలా భాగం ఎప్పటినుంచో దస్త్రాల్లో ఉన్నవే. చరిత్రకారుడు జార్జ్ లెఫెవ్ర్ వాటిలో వర్గాల ఘర్షణను చదివారు. 1964లో ఆల్ఫ్రెడ్ కాబన్ ఆ వర్గాల గీతలు కాగితాల్లో అంత తేటగా లేవని వాదించారు. 1978లో ఫ్రాన్స్వా ఫ్యూరే రాజకీయ భాష వైపు, ఆలోచనల వైపు చూపు తిప్పారు. తరవాత వచ్చినవారు ముందువారిని చెరిపివేయలేదు. ఈ రోజు ఆ విప్లవం మీద పనిచేసేవారు ముగ్గురినీ చదవవలసిందే. వైద్యంలో 1989 తరవాత ఆ గుండె మందులను అలాంటి రోగులకు రాయడం తప్పు. చరిత్రలో ఒక మంచి వ్యాఖ్యానానికి ఆ రకమైన ముగింపు ఉండదు.

అలా అని ఏదైనా చెప్పవచ్చు అని కాదు. కాగితంలో లేని తేదీని వేస్తే, చదవని దస్త్రాన్ని చదివినట్టు రాస్తే, తన వాదానికి ఎదురుగా ఉన్న ఉత్తరాన్ని దాచిపెడితే, మా దగ్గరా క్షమించరు. కానీ ఈ తప్పులు ఏవీ లేని రెండు పుస్తకాలలో ఒకటి గొప్పది, ఒకటి సాధారణమైనది కావచ్చు. ఆ తేడా అడిగిన ప్రశ్నలో ఉంటుంది. కూర్పరి గారి ముందుమాటలో దీనికి కొంత చోటు ఉండాలి.

సూచికాపత్రం

గ్రంథాలయంలో పరిశోధన పత్రికల విభాగం చూసేవాడిని. తూకం గురించి ఎవరూ నేరుగా మాట్లాడలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని ఒక అంకె ఇస్తారు. గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నది దాని లెక్క. పరుగెత్తే శాఖలకు రెండేళ్ళు సరిపోతాయేమో గానీ, అన్నిటికీ సరిపోవు. 1879లో భాషాశాస్త్రవేత్త సొస్యూర్ ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, సంస్కృతం, గ్రీకు వంటి భాషలకు తల్లి అయిన ఇండో యూరోపియన్ మూలభాషలో, అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ నేరుగా మిగలని కొన్ని ధ్వనులు ఉండి ఉండాలని తర్కంతో తేల్చారు. ఆ కుటుంబానికే చెందిన హిట్టైట్ అనే ప్రాచీన భాష చదవడం సాధ్యమయ్యాక, 1927లో కురిలోవిచ్ అనే భాషావేత్త అలాంటి ధ్వనిని దానిలో చూపించారు. నడుమ 48 ఏళ్ళు. వంశపారంపర్యం మీద మెండెల్ రాసిన బఠాణీ మొక్కల వ్యాసం 1866లో అచ్చయింది, లోకం దానిని పట్టించుకున్నది 1900లో. మానవీయ శాస్త్రాలే నిదానంగా నడుస్తాయన్నది కూడా సరైన మాట కాదు.

రచయితల సంఖ్యా అంతే. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణపు ద్రవ్యరాశి మీద రెండు సెర్న్ బృందాలు కలిసి ప్రచురించిన వ్యాసానికి 5,154 మంది రచయితలు; 33 పేజీలలో 24 పేజీలు వారి పేర్లకూ సంస్థల పేర్లకూ సరిపోయాయి. దాని పక్కన ఒక్కరే ఆరేళ్ళు కూర్చుని రాసిన పద్య విచారణను పెట్టి తలకు ఎన్ని వ్యాసాలు అని లెక్కకడితే, వచ్చే అంకెకు అర్థం ఉండదు. పత్రిక అంకెను పట్టుకుని మనిషి పనిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకున్న ప్రకటన చెబుతుంది. దానిని మొదలుపెట్టినవారు కణజీవశాస్త్రజ్ఞులు, మానవీయ శాస్త్రాలవారు కారు. మీ సంకలనంలో రచయితల పరిచయాల కింద ఇలాంటి అంకెలు వేయకుండా ఉంటే మేలని నా సలహా.

కూర్పరి

అంకెలు తీసివేస్తున్నాను. నిన్నటి కాగితం గారి అభ్యంతరం నా మనసులో గట్టిగా నాటుకుంది, దానికి ముందుమాటలో వేరుగా చోటు ఇస్తాను. ఈ చర్చ చదివాక రచయితలందరికీ రెండు ప్రశ్నలు పంపాను: "మీ పనిలో తప్పు ఏ దారిన రావచ్చు, దానిని మీరు ఎలా కాచుకున్నారు?" అన్నది ఒకటి, "ఏది కనబడితే మీ నిర్ణయాన్ని మార్చుకుంటారు?" అన్నది రెండవది. జవాబులను ప్రతి వ్యాసం చివరా రచయిత మాటల్లోనే వేస్తాను. రెండవ ప్రశ్నకు అర్థం లేదని భావించేవారు, ఎందుకు లేదో రాయవచ్చునని కూడా చెప్పాను.

ఇంతవరకు పదకొండు జవాబులు వచ్చాయి. పద్యం మీద ఆరేళ్ళు పనిచేసినవారు అందరికంటే ముందు రాశారు. ఆ పద్యం లేని ప్రతులన్నీ రెండు కుటుంబాలకు చెందినవనీ, అవి ఒకదానిని చూసి ఒకటి రాసినవి కావనీ, అందుకే పద్యం తరవాత చేరినదని నిర్ణయించాననీ, ఈ రెండు కుటుంబాలతో సంబంధం లేని పాత ప్రతి ఒక్కదానిలో ఆ పద్యం కనబడితే తన వ్యాసాన్ని వెనక్కు తీసుకుంటాననీ రాశారు. దానిని వైద్య మిత్రునికి చూపించాను. ఆయన అంచున రాసిన పాత ప్రశ్నను కొట్టివేసి, కింద "ఆ రెండు కుటుంబాలూ నిజంగా వేరువేరు అని ఎలా తెలుసు?" అని రాసి ఇచ్చారు. ఆ ప్రశ్నను రచయితకు పంపించాను, జవాబు కోసం చూస్తున్నాను.